ఆయన మీ అన్నయ్యకూ నాన్నే

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. మూడేళ్లుగా వృద్ధుల సంరక్షణ కేంద్రంలో సహాయకురాలిగా పనిచేస్తున్నాను. రిజిస్టర్డ్ నర్సు కావాలని నాలుగేళ్ల కోర్సుకు దరఖాస్తు చేస్తే సీటు వచ్చింది. ఎనిమిది నెలల క్రితం నాన్నకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. "పరాయి ముసలివాళ్లకు చేసే సేవేదో ఇంట్లో నాన్నకు చెయ్యి, నువ్వెలాగూ నేర్చినదానివి, ఇప్పుడు చదువెందుకు" అంటున్నాడు అన్నయ్య. వదినకు ఉద్యోగం. అమ్మ ఏమీ మాట్లాడదు. ఒక ఏడాది వాయిదా వేసుకోనా? నర్సునయ్యాక కూడా వృద్ధుల దగ్గరే ఉంటే చదువు వృథా అంటున్నారు. ఆసుపత్రికే వెళ్లాలా?

జవాబు: ఆసుపత్రా, వృద్ధుల కేంద్రమా అన్నది ఇప్పుడు తేల్చాల్సిన సంగతి కాదు. రిజిస్ట్రేషన్ చేతికొచ్చాక ఎటైనా వెళ్లొచ్చు. వృథా అన్నవాళ్లకు మాత్రం ఆ పనేమిటో తెలియదు. వార్డులో పిలిస్తే డాక్టరు వస్తారు. సంరక్షణ కేంద్రంలో రాత్రి రెండింటికి చాలాసార్లు నర్సు ఒక్కతే ఉంటుంది. పెద్దవాళ్లలో ఇన్‌ఫెక్షన్‌కు జ్వరం రాకపోవచ్చు. నిన్నటిదాకా అందరినీ పేరుతో పిలిచిన మనిషి ఇవాళ హఠాత్తుగా తికమకపడటమే మొదటి గుర్తు కావచ్చు. వయసు మీద పడిందిలే అని వదిలేస్తే ప్రాణం మీదికొస్తుంది. లేవగానే కళ్లు తిరుగుతున్నాయంటే ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడాలి. నిలబెట్టాక ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూడాలి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే పడిపోయే ప్రమాదం ఉన్నట్టు, మందుల చీటీ డాక్టరు మళ్లీ చూడాలి. సహాయకురాలిగా మీరు చూసింది చూసినట్టు చెబితే సరిపోయేది. నర్సయితే దానికి అర్థమేమిటో తేల్చి, ఎవరిని ఎప్పుడు పిలవాలో నిర్ణయించి, కింద సంతకం పెట్టాలి. "పైవాళ్లకు చెప్పేశాను" అని ఊరుకునే అలవాటేమైనా ఉంటే మొదటి ఏడాదిలోనే వదిలించుకోండి.

ఇక అసలు సమస్య మీ అన్నయ్య. ఉత్తరం మొత్తం వెతికినా, ఈ ఎనిమిది నెలల్లో ఆయన నాన్నకు ఏం చేశాడో ఒక్క మాట లేదు. మీరు నేర్చుకున్న పనిని అడ్డం పెట్టుకుని తన వంతు కూడా మీకే అప్పజెబుతున్నాడు. ఏడాది వాయిదా అంటున్నారు, పక్షవాతం పడ్డ మనిషి సంరక్షణ ఏడాదిలో ముగిసేది కాదు. వచ్చే ఏడాది ఇదే మాట ఇంకాస్త గట్టిగా వినిపిస్తుంది, అప్పటికి సీటు ఉండదు. తండ్రికి చెయ్యడం కూతురి బాధ్యతే, కాదనను. కూతురికి పని వచ్చు గనుక కొడుకు బాధ్యత తీరిపోయిందంటే మాత్రం ఒప్పుకోను. అమ్మ మౌనాన్ని సమ్మతిగా లెక్కవెయ్యకండి. మీరు డ్యూటీలో ఉన్న రాత్రిళ్లు లేచేది ఆవిడే అయ్యుంటుంది.

నాన్నకు రోజూ కావలసిన పనిలో చాలా భాగానికి నర్సు అక్కర్లేదు. మీరు పక్కనుండి చేయిస్తే అన్నయ్యకు వారం రోజుల్లో చేయి తిరుగుతుంది. మంచంలో ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి పక్క మార్చాలి. పూర్తిగా పక్కకు దొర్లిస్తే బరువంతా తుంటి ఎముక మీద పడుతుంది, వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీలు వాల్చితే చాలు. పిక్కల కింద దిండు పెట్టి మడమలు పరుపుకు తగలకుండా ఉంచాలి. నడుం కింద గానీ మడమ దగ్గర గానీ ఎర్రబడితే వేలితో నొక్కి చూడాలి, నొక్కినా తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. నల్లటి ఒంటి మీద ఎరుపు కనబడకపోవచ్చు, వేడిగానో గట్టిగానో ఉందేమో తడిమి చూడాలి. అక్కడ మర్దన చెయ్యకూడదు, లోపల ఇంకా చితుకుతుంది.

లేపేటప్పుడు కుడి చెయ్యి పట్టుకుని లాగొద్దని అన్నయ్యకు గట్టిగా చెప్పండి. పట్టు లేని భుజం కీలు జారిపోతుంది. కుర్చీ ఎడమవైపు వేస్తే బాగున్న కాలి మీద నాన్న కొంత బరువు తానే మోసుకుంటారు. తినిపించేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టి, ఎడమ బుగ్గవైపు చిన్న ముద్దలు పెట్టాలి. కుడి బుగ్గలో ఏమైనా మిగిలిందేమో చూసి, తరువాత అరగంట కూర్చోనివ్వాలి. నీళ్లు తాగాక దగ్గు వచ్చినా, గొంతు తడిగా గరగరమన్నా నోటితో ఇవ్వడం ఆపి మింగడాన్ని పరీక్ష చేయించాలి. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా రావచ్చు.

ఇవన్నీ గంటలవారీగా ఒక కాగితం మీద గీసి, ప్రతి గడిలో ఒక పేరు రాయండి. రాత్రి 10, 12, 2, 4 గంటల గడుల్లో వారానికి మూడు రాత్రులు అన్నయ్య పేరుండాలి. వదిన పేరు కాదు, ఆయన పేరే. ఎవరికీ కుదరని గంటలకు మనిషిని పెట్టుకుని జీతం చెరిసగం పంచుకోండి.

ఇదంతా మీ నిద్ర కోసం కూడా చెబుతున్నాను. కోర్సులో ఎక్కువమంది తడబడేది మందుల లెక్కల్లో. 5 మిల్లీలీటర్లలో 250 మిల్లీగ్రాములున్న మందు 500 మిల్లీగ్రాములు ఇవ్వాలంటే 10 మిల్లీలీటర్లని ఎవరైనా చెబుతారు. లీటరు సెలైను 8 గంటల్లో, మిల్లీలీటరుకు 20 చుక్కలు పడే సెలైను గొట్టంతో ఎక్కించాలంటే నిమిషానికి 42 చుక్కలు. రాత్రంతా మేలుకున్న కళ్లతో ఈ లెక్క వేస్తే ఎక్కడో ఒక సున్నా జారుతుంది. వయసు మళ్లిన గుండె, మూత్రపిండాలు ఆ పొరపాటును తట్టుకోలేకపోవచ్చు.

కళాశాలకు నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఈ విద్యాసంవత్సరానికి ఉందో లేదో కౌన్సిల్ దగ్గరే చూసుకోండి, కళాశాలవాళ్ల మాట మీద వెళ్లకండి. గుర్తింపు లేని చోట నాలుగేళ్లు చదివినా రిజిస్ట్రేషన్ రాదు.

ఫీజు గడువు ఎప్పుడో మీరు రాయలేదు. ఈ వారంలోనే అయితే, గుర్తింపు చూసుకుని ముందు ఫీజు కట్టేయండి. అన్నయ్యతో మాట ఆ తరువాత, రసీదూ ఆ గడుల కాగితమూ ముందు పెట్టుకుని, అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని.