క్లబ్ చరిత్ర రాయబోతున్న మేనకోడలికి

బుజ్జీ,

లండన్ శివారులోని బ్లాక్‌హీత్ రగ్బీ క్లబ్ చరిత్ర రాస్తున్నావని మీ అమ్మ చెప్పింది. ఇలాంటివి రాసి రాసి తల నెరిసినవాణ్ణి కాబట్టి నాలుగు మాటలు చెబుతాను, విసుక్కోకు.

‘ప్రపంచంలోకెల్లా పాత క్లబ్’ అని మాత్రం మొదలుపెట్టకు. బ్లాక్‌హీత్ పుట్టింది 1858లో. గైస్ హాస్పిటల్ క్లబ్ వాళ్లు మాది 1843 అంటారు, డబ్లిన్ యూనివర్సిటీ క్లబ్ వాళ్లు 1854 అంటారు. ఆ పంచాయితీ తీర్చడం నీ పని కాదు. బడి పాత విద్యార్థులు పెట్టినా బయటివాళ్లనీ చేర్చుకున్న క్లబ్ అని ఒక్క ముక్క రాసి ముందుకెళ్లు.

తీరిగ్గా కూర్చోవాల్సింది 1863 దగ్గర. అప్పటికి ఫుట్‌బాల్, రగ్బీ ఇంకా వేరు కాలేదు. ఆ ఏడాది ఫుట్‌బాల్‌కి అందరికీ ఒకే రూల్స్ రాయడానికి ఫుట్‌బాల్ అసోసియేషన్ అనే సంఘం పెట్టినవాళ్లలో బ్లాక్‌హీత్ కూడా ఉంది. క్లబ్ తరఫున వెళ్లిన ఎఫ్.ఎం. క్యాంప్‌బెల్ దానికి కోశాధికారి. బంతి పట్టుకుని పరుగెత్తడం, అలా పరుగెత్తేవాణ్ణి మోకాలి కింద బూటుతో తన్నడం (హ్యాకింగ్ అంటే ఇదే) రెండూ రూల్స్‌లోంచి తీసేస్తామనేసరికి ఆయనకి ఒళ్లు మండింది. తన్నులు తీసేస్తే ఆటలో పౌరుషమే ఉండదనీ, వారం ప్రాక్టీసు చేసిన ఫ్రెంచివాళ్లని తెచ్చి మిమ్మల్ని ఓడిస్తాననీ సభలోనే అనేశాడు. చివరికి క్లబ్ బయటికొచ్చేసింది.

ఇక్కడ ఆయన్ని రౌడీని చేసి వదిలేయాలనిపిస్తుంది. పక్కనే క్లబ్ 1862 నాటి రూల్స్ కూడా పెట్టు. స్క్రమ్‌లో (బంతి కోసం ఆటగాళ్లంతా గుంపుగా తోసుకునేచోట) మనిషిని పట్టుకోవచ్చు గానీ గొంతు నులమకూడదట, అది ఆట సూత్రాలకే విరుద్ధమట! దాని మీద నువ్వు జోకులు వేయక్కర్లేదు, ఉన్నదున్నట్టు రాయి చాలు.

అక్కణ్ణించి నేరుగా 1870 డిసెంబరుకి రా. రగ్బీ ఆడేవాళ్లందరికీ ఒకే రూల్స్ కావాలని బ్లాక్‌హీత్, రిచ్‌మండ్ క్లబ్బుల కార్యదర్శులు టైమ్స్ పత్రికకి ఉత్తరం రాశారు. 1871 జనవరి 26న 21 క్లబ్బులు కూర్చుని రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్ పెట్టాయి. ఆ యూనియన్ తన రూల్స్‌లో హ్యాకింగ్‌ని నిషేధించింది. ఎనిమిదేళ్ల కింద దానికోసమే అలిగి వెళ్లినవాళ్లు ఈసారి ఒప్పుకున్నారు! నన్నడిగితే నీ పుస్తకానికి ప్రాణం ఇక్కడుంది. ఇంగ్లండ్ తొలి కెప్టెన్ ఫ్రెడరిక్ స్టోక్స్ ఈ క్లబ్ ఆటగాడే అన్న సంగతి దీని తర్వాతే చెప్పు.

1883 నుంచి రెక్టరీ ఫీల్డ్ గ్రౌండ్‌లో ఆడడం, 2016లో ఎల్తమ్‌లోని వెల్ హాల్‌కి మారడం, ఇవి పెద్దవాళ్లు చెబితే వినాల్సిన కథలు. గ్రౌండ్‌లో టీ పోసేవాళ్లనీ జెర్సీలు ఉతికినవాళ్లనీ కూడా అడుగు. వాళ్లు చెప్పిన తేదీలు మాత్రం పాత పేపర్లలో సరిచూసుకో.

మొదటి చాప్టర్ అవ్వగానే ప్రింట్ తీసి పంపు, ఫోన్లో చదవడం నావల్ల కాదు.

మీ మామయ్య