ఒక దేశం, ఒక పంట పట్టుకో

చిరంజీవి సుధకు,

వాతావరణ మార్పు ఆఫ్రికా రైతును ఎలా దెబ్బతీస్తోందో రాసిన నీ వ్యాసం చదివాను. మనసు పెట్టి రాశావు. కానీ పేరా పేరాకీ ‘ఆఫ్రికా రైతు’ అన్నావే గానీ, ఆ రైతుది ఏ ఊరో, ఏం పండిస్తాడో ఎక్కడా చెప్పలేదు. అది 54 దేశాల ఖండం. ఒక దేశం, ఒక పంట పట్టుకో.

ఆగ్నేయ ఆఫ్రికాలోని మలావీనే తీసుకో. అక్కడ పూటపూటా తినేది మొక్కజొన్న పిండి ముద్ద. న్సిమా అంటారు. చాలామందికి ఏడాదికి ఒకటే పంట, నవంబరు నుంచి ఏప్రిల్ దాకా పడే వాన మీదే. 2023 మార్చిలో, ఇంకొన్ని వారాల్లో కోతలనగా, ఫ్రెడ్డీ తుఫాను దక్షిణ మలావీ చేలను మట్టితో సహా కోసుకుపోయింది. మరుసటి సీజన్‌లో ఎల్‌నినో (పసిఫిక్ సముద్రం వేడెక్కి వానల తీరు మారడం) వచ్చి వాన ముఖం చాటేసింది. 28 జిల్లాలకు 23 జిల్లాల్లో విపత్తు ప్రకటించారు.

ఈ అంకెలు రాసి ఆగిపోకు. చేను పూత మీదున్నప్పుడు బెట్ట తగిలితే ఏమవుతుందో చూపించు. కంకి పీచు ఎండిపోతుంది, పుప్పొడి పట్టదు. పొత్తు ఒలిస్తే అక్కడో గింజ, ఇక్కడో గింజ. ఆ తర్వాత ఎంత వాన కురిసినా ఆ గింజ మళ్లీ కట్టదు. మొత్తం ఎన్ని మిల్లీమీటర్లు పడిందని కాదు, ఎప్పుడు పడిందన్నదే రైతు టెన్షన్. మన మొక్కజొన్న రైతుకు ఇది ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆఫ్రికా రైతులను సాయం కోసం చెయ్యి చాచినవాళ్లుగానే చూపించడం నాకు నచ్చలేదు. పశ్చిమ ఆఫ్రికా దేశం బుర్కినా ఫాసోలో యకూబా సవడోగో అనే రైతు ఉండేవారు. 1980ల నాటికి కరువు దెబ్బకు జనం ఊళ్లు వదిలిపోతుంటే, ఆయన గడ్డపార కూడా దిగనంత గట్టి నేలలో ఎండాకాలంలోనే గుంతలు తవ్వి పెంట వేశారు. పెంటకు చెదలు చేరి నేలను గుల్ల చేశాయి. వాన నీరు పారిపోకుండా అక్కడే ఇంకింది. జొన్న, సజ్జ మొలిచాయి, ఆ తర్వాత చెట్లూ లేచి అడవే అయింది. ‘జాయ్’ అనే ఈ పద్ధతి అక్కడి పెద్దలదే, ఆయన దాన్ని మెరుగుపరిచారు. మొదట్లో ఊళ్లో పిచ్చోడన్నారు. 2018లో, ‘ప్రత్యామ్నాయ నోబెల్’ అని పిలిచే రైట్ లైవ్లీహుడ్ అవార్డు వచ్చింది. ఇలాంటి మనిషికి నీ వ్యాసంలో చోటు లేకపోతే ఎలా?

ప్రపంచ కర్బన ఉద్గారాల్లో ఆఫ్రికా వాటా సుమారు 4 శాతమని ఎక్కడో చివర్లో రాశావు. దాన్ని ఎండిన పొత్తు పక్కనే పెట్టు. కోపం పాఠకుడికే వస్తుంది, నువ్వు ఆవేశపడి రాయక్కర్లేదు.

తిరగరాసి పంపు, చదువుతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు