నాలుగడుగుల పుట్ కుడికి పోతుంటే మాలెట్ కొనాలా?

హైదరాబాద్‌లో గోల్ఫ్ నేర్చుకుని భీమవరం వచ్చేశానని, దగ్గరి పుట్‌లు (బంతిని రంధ్రంలోకి దొర్లించే దెబ్బలు) కూడా కుడికి పోతున్నాయని, మాలెట్ పుటర్ (ఆ దెబ్బకి వాడే కర్రల్లో పెద్ద తల ఉన్న రకం) కొంటే బాగుపడతానా అని అడిగారు. మీది కుడిచేతి వాటమే అనుకుని చెబుతున్నానండి. మాది అమలాపురం. ఆట విశాఖ ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్‌లో, సాధన మా ఇంటి హాల్లో.

కొనే ముందు ఒక లెక్క చూడండి. గోల్ఫ్ రంధ్రం వెడల్పు 4.25 అంగుళాలు. పుటర్ ఫేస్ (బంతికి తగిలే ముఖం) ఒక్క డిగ్రీ తిరిగితే పదడుగుల్లో బంతి రెండంగుళాలు పక్కకి పోతుంది, అంటే రంధ్రం అంచుకి. నాలుగడుగుల్లో అంగుళం కూడా పోదు. అక్కడే మీకు తప్పుతోందంటే ఫేస్ రెండు డిగ్రీలకు పైనే తెరుచుకుంటోంది (కుడికి తిరుగుతోంది), లేదా అసలు గురే కుడికి ఉంది. ఇంట్లో ఎవరినైనా వెనక నిలబెట్టి ముందు గురి చూడమనండి.

గురి సరిగ్గానే ఉంటే పుటర్ షాఫ్ట్‌ను (పొడవాటి కడ్డీని) అడ్డంగా వేలి మీద తూకం కుదిరే చోట నిలపండి. ఫేస్ పైకప్పు వైపు చూస్తే ఫేస్ బ్యాలెన్స్‌డ్, టో (తల చివరి కొస) కిందికి వాలితే టో హ్యాంగ్. టో వాలేది కొంచెం వంపుగా ఊపేవాళ్లకి నప్పుతుంది. తిన్నగా వెనక్కి లాగి తిన్నగా తోసేవాళ్ల చేతిలో అది బంతి తగిలేసరికి ఇంకా తెరుచుకునే ఉండొచ్చు. మాలెట్ అనగానే ఫేస్ బ్యాలెన్స్‌డ్ అనుకోకండి, టో వాలే మాలెట్లూ దొరుకుతాయి. షాపులో సిగ్గుపడకుండా వేలి మీద పెట్టి చూడండి.

పింగ్ కంపెనీ పెట్టిన కార్‌స్టన్ సోల్‌హైమ్ 1966లో ఆన్సర్ పుటర్ తెచ్చాడు. అందులో బరువు హీల్‌కీ (షాఫ్ట్ వైపు కొస) టోకీ పంచి ఉంటుంది కాబట్టి బంతి మధ్యలో తగలకపోయినా తల తక్కువ తిరుగుతుంది. పెద్ద మాలెట్లలో ఈ గుణం ఇంకా ఎక్కువ. నా మటుకు అది దూరం పుట్‌లకి పనికొచ్చే సంగతి. మీ జబ్బు వేరు.

హాల్లో టైల్స్ మధ్య గీత పక్కనే బంతి పెట్టి, అడుగు ముందర రెండు పెన్సిల్ సెల్స్ నిలబెట్టండి, మధ్య 5 సెంటీమీటర్లు. బంతే దాదాపు 4.3 ఉంటుంది. సెల్ పడకుండా దాటిందంటే దారి ఒక డిగ్రీ లోపే తప్పినట్టు. కుడి సెల్లే పడుతుంటే ఫేస్ తెరుచుకుంటోంది. బాల్కనీలో మాత్రం వద్దు, నీళ్లు పోవడానికి అక్కడ గచ్చుకి వాటం ఇస్తారు. టైల్స్ మీద బంతి జోరు కూడా నమ్మకండి. దూరం అంచనా గ్రీన్ (రంధ్రం చుట్టూ ఉండే పొట్టి గడ్డి) మీదే రావాలి. విశాఖ వెళ్లిన రోజు ఆటకి ముందు ఓ పావుగంట దానికే పెట్టుకోండి.