మణికొండ ఫ్లాట్‌లో 2016 బరోలో సీసాను మరో పదేళ్లు దాచవచ్చా?

కానుకగా వచ్చిన 2016 పంట బరోలో అనే ఎర్ర వైన్ సీసాను అమ్మాయి పెళ్లి వరకు, అంటే మరో పదేళ్లు, హైదరాబాద్ మణికొండలోని మీ ఫ్లాట్‌లోనే ఉంచవచ్చా అని అడిగారు. మంచి తయారీదారుదైతే అన్నేళ్లు నిలిచే సత్తా ఆ వైనుకు ఉంది. ప్రత్యేకమైన ఏర్పాటు లేకుండా దాన్ని నిలబెట్టగలిగే ఇల్లు మాత్రం మన ఊళ్లో దొరకదు.

ఇటలీలోని పీడ్‌మాంట్ ప్రాంతంలో పండే నెబ్బియోలో ద్రాక్షతోనే బరోలో చేస్తారు. కనీసం 38 నెలలు, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో, మాగిన తర్వాతే దాన్ని అమ్మాలన్నది అక్కడి నిబంధన. రంగు పలచగా ఉంటుంది కనుక తేలికపాటి వైన్ అనుకుంటారు గానీ, వగరూ పులుపూ రెండూ బలంగా ఉంటాయి. లేత వయసులో తాగితే నేరేడుపళ్లు తిన్నట్టు నాలుక పట్టేస్తుంది. ఆ వగరుకు కారణమైన టానిన్లు ఏళ్లు గడిచేకొద్దీ రంగు పదార్థాలతో కలిసి, కొంత భాగం మడ్డిగా అడుగుకు దిగుతాయి. అప్పుడు వగరు మెత్తబడి, ఎరుపు అంచుల దగ్గర ఇటుక రంగుకు తిరిగి, తాజా పండ్ల పరిమళం స్థానంలో ఎండిన గులాబీ రేకులు, తారు, తోలు వంటి వాసనలు ఒక్కొక్కటిగా బయటపడతాయి. నా దృష్టిలో ఎర్ర వైన్లలో ఇంతకు మించిన అందం లేదు. అయితే దుకాణాల్లో దొరికే ఎర్ర వైన్లలో ఎక్కువ భాగం రెండు మూడేళ్లలో తాగేయవలసినవే.

ఈ మార్పంతా సుమారు 12 నుంచి 14 డిగ్రీల నిలకడైన చల్లదనంలో, చీకటిలో, బిరడా తడి ఆరకుండా సీసా పడుకోబెట్టి ఉన్నప్పుడే సక్రమంగా జరుగుతుంది. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. సైనిక్‌పురిలో మా బంధువులు హాలు షోకేసులో కొన్ని వేసవులు నిలబెట్టి ఉంచిన ఒక మంచి సీసాను నా ముందే తెరిచారు. బిరడా అంచు దాటి పైకి పొంగి ఉంది, సీసా మూతి మీది రేకు కింద జిగురుగా మరక కట్టింది, గ్లాసులో పోస్తే ఉడికించిన ఎండుద్రాక్ష వాసన తప్ప మరేమీ మిగల్లేదు. అంత మంచి వైన్ అలా పోవడం చూసి నిజంగా బాధ కలిగింది.

కాబట్టి పెళ్లి వరకు ఉంచదలిస్తే వైన్ కూలర్ కొని, కరెంటు పోయినా ఆగకుండా ఇన్వర్టరుకు కలపండి. అది కుదరకపోతే ఈ చలికాలంలోనే తెరవండి, పదేళ్లకు చేరువైన ఆ వైన్ ఇప్పటికే బాగుంటుంది. ముందురోజు సీసాను నిలబెట్టి మడ్డి దిగనివ్వండి. తాగే ముందు అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, నెమ్మదిగా వేరే పాత్రలోకి వంచి, ఓ గంట గాలి తగలనివ్వండి. పక్కన పత్థర్ కా గోష్త్ (వేడి రాతిపలక మీద కాల్చే మాంసం) చాలా బాగుంటుంది, కాకపోతే కారం తగ్గించి చేయించండి, ఎందుకంటే మిరప ఘాటుకు ఆ వగరు మరింత గరుకుగా తగులుతుంది.