సిరియా ప్రతిపక్షం గురించి రాయబోతున్న అమ్మాయికి

అమ్మాయీ,

సిరియా ప్రతిపక్షం అధికార మార్పిడి కోసం చేసిన ప్రయత్నాల మీద మూడు భాగాలు రాయమన్నారని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉందని మెసేజ్ పెట్టావు. అంతర్జాతీయ డెస్క్‌లో చాలాకాలం పనిచేసినవాణ్ణి కాబట్టి నాకు తోచింది రాస్తున్నాను. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుంది.

2024 డిసెంబర్ 8తో మాత్రం మొదలుపెట్టకు. రాజధాని డమాస్కస్ పడిపోవడం, అధ్యక్షుడు బషర్ అల్ అసద్ మాస్కో పారిపోవడం అందరూ చూసిందే. అక్కణ్ణుంచి వెనక్కి చూస్తే, అన్నేళ్లు చర్చల కోసం తిరిగినవాళ్లంతా చేతకానివాళ్లలా కనిపిస్తారు. అది అన్యాయం. ప్రతిపక్ష నాయకుడు రియాద్ సైఫ్ లాంటివాళ్లు 2011 తిరుగుబాటు కంటే ముందే ఏళ్ల తరబడి జైల్లో మగ్గారు. వాళ్లకు దేశభక్తి తక్కువై కాదు, చేతిలో బలం లేక ఓడిపోయారు. ఆ బలం ఎందుకు లేకపోయిందన్నదే నువ్వు రాయాల్సిన కథ.

2012 జూన్ 30 జెనీవా ప్రకటనతో మొదలుపెట్టు. అప్పటి ఐరాస, అరబ్ లీగ్ దూత కోఫీ అన్నన్ పిలిచిన సమావేశం అది. సిరియా ప్రభుత్వాన్నీ పిలవలేదు, ప్రతిపక్షాన్నీ పిలవలేదు. సిరియా భవిష్యత్తును సిరియన్లు లేకుండానే రాశారు. పూర్తి కార్యనిర్వాహక అధికారాలతో ఒక తాత్కాలిక పాలక మండలి ఏర్పడాలని, అది రెండు పక్షాల పరస్పర అంగీకారంతోనే ఏర్పడాలని అందులో ఉంది. ఆ పేరా నీ చేత్తో కాగితం మీద రాసుకో. అసద్‌కు మేం ఒప్పుకోం కాబట్టి అతను పోవాల్సిందేనని ప్రతిపక్షం చదివింది. అతను దిగిపోవాలని ఎక్కడా లేదని, మా అంగీకారం కూడా కావాలని ప్రభుత్వం, దాని వెనకున్న మాస్కో చదివాయి. ఒకే వాక్యం ఇద్దరికీ తాళం చెవి ఇచ్చింది, తలుపు మాత్రం తెరుచుకోలేదు. ఆ తర్వాత వచ్చిన ప్రతి సమావేశమూ ఈ పేరా దగ్గరే ఆగింది. 2014లో రెండో జెనీవా చర్చలు తేలకుండా ముగిసినప్పుడు ఐరాస దూత లఖ్దర్ బ్రహీమి సిరియా ప్రజలకు క్షమాపణ చెప్పాడు. అలాంటి దౌత్యవేత్త నోట ఆ మాట రావడం మామూలు విషయం కాదు. దాన్ని బాక్స్ ఐటెంలోకి తోసెయ్యకు, అసలు కథలోనే పెట్టు.

రెండోది, ఏ ప్రతిపక్ష సంస్థ గురించి రాసినా అది ఎక్కడ కూర్చుంది, ఖర్చు ఎవరు పెడుతున్నారు, సిరియా లోపల ఎవరు దాని మాట వింటారు అనేవి వెతుకు. 2012 నవంబర్‌లో దోహాలో ప్రతిపక్షాల సిరియా జాతీయ కూటమి ఏర్పడింది. మరుసటి నెలలోనే మొరాకోలోని మర్రకేష్‌లో వందకు పైగా దేశాలు దాన్ని గుర్తించాయి. మొదటి అధ్యక్షుడు మొయాజ్ అల్ ఖతీబ్, ఒకప్పుడు డమాస్కస్ ఉమయ్యద్ మసీదులో ఇమాం. 2013 మార్చి 26న దోహా అరబ్ లీగ్ సదస్సులో సిరియా కుర్చీలో ఆయన కూర్చున్నాడు. ముందు ఆకుపచ్చ, తెలుపు, నలుపు చారలు, మూడు ఎర్ర నక్షత్రాలున్న ప్రతిపక్ష జెండా. ఆ ఫొటో చూస్తే ఇక అంతా అయిపోయిందనిపిస్తుంది. కానీ అంతకు రెండు రోజుల ముందే ఆయన రాజీనామా ప్రకటించేశాడు. అండగా నిలిచిన దేశాలు తమ తమ మనుషుల్ని ముందుకు తోస్తుంటే కూటమి లోపల అధ్యక్ష పదవి చేతులు మారుతూనే పోయింది. కుర్చీ దక్కింది, ఊరు దక్కలేదు.

ఊరు సంగతి కావాలంటే దరయా గురించి చదువు. డమాస్కస్ పక్కనే, మెజ్జె సైనిక విమానాశ్రయాన్ని ఆనుకుని ఉన్న పట్టణం. 2012 చివర్లో మొదలైన ముట్టడి 2016 ఆగస్టు దాకా సాగింది. తిండి లేదు, పైనుంచి బారెల్ బాంబులు, అంటే పేలుడు పదార్థాలు కూరిన డ్రమ్ములు. అయినా అక్కడి స్థానిక మండలి తమలో తాము ఎన్నికలు పెట్టుకునేది, వైద్యం, పంచాయితీలు చూసుకునేది. ఆయుధం పట్టినవాళ్లు కూడా మండలి మాట కిందే ఉండాలని పట్టుబట్టింది. కూలిన ఇళ్లలోంచి పుస్తకాలు ఏరుకొచ్చి నేలమాళిగలో లైబ్రరీ కూడా నడిపారు. ఈ స్థానిక మండళ్ల ఆలోచనను ముందుకు తెచ్చిన ఒమర్ అజీజ్ అనే ఆర్థికవేత్త 2013 ఫిబ్రవరిలో ప్రభుత్వ నిర్బంధంలో ఉండగానే చనిపోయాడు. నా ఉద్దేశంలో సిరియాలో నిజమైన అధికార మార్పిడి మొదలైంది ఇలాంటి చోట్లే. ఇస్తాంబుల్ హోటళ్లలో కూర్చున్న కూటమికీ ఈ మండళ్లకూ మధ్య గట్టి దారి పడలేదు. నీ రెండో భాగం మొత్తం దీనికే ఇచ్చినా తప్పులేదు.

ఆ తర్వాతి సంగతులు కాస్త త్వరగా చెప్పుకుపో. 2015 డిసెంబర్‌లో సౌదీ రాజధాని రియాద్‌లో ప్రతిపక్షం తరఫున మాట్లాడటానికి ఉన్నత చర్చల కమిటీ పుట్టింది. అసద్ దగ్గర ప్రధానిగా చేసి బయటికొచ్చేసిన రియాద్ హిజాబ్ దాని సమన్వయకర్త. టర్కీ ఒప్పుకోకపోవడంతో కుర్దుల ప్రధాన పార్టీ పీవైడీకి అందులో చోటు దొరకలేదు. బల్ల దగ్గర లేనివాళ్లెవరో కూడా రాయడం మరిచిపోకు. అదే నెల 18న ఐరాస భద్రతా మండలి, చర్చల ద్వారా అధికార మార్పిడి జరగాలంటూ 2254 తీర్మానం చేసింది. 2016 సెప్టెంబర్‌లో ఆ కమిటీ లండన్‌లో తన ప్రణాళిక బయటపెట్టింది: 6 నెలల చర్చలు, ఆపైన అసద్ లేకుండా 18 నెలల తాత్కాలిక పాలన, తర్వాత ఎన్నికలు. పత్రం బాగుంది. మూడు నెలలకే ప్రతిపక్షం చేతిలో ఉన్న తూర్పు అలెప్పో నగరం ప్రభుత్వం చేతికి పోయింది. అందుకే ఏ ప్రణాళిక చదివినా ఆ వారం యుద్ధ మ్యాప్ పక్కన పెట్టుకో. ఇక కొత్త రాజ్యాంగం కోసం ఐరాస ఆధ్వర్యంలో 2019లో 150 మందితో మొదలైన రాజ్యాంగ కమిటీ 2022 తర్వాత మళ్లీ కూర్చోనే లేదు.

మరణాల లెక్క రాస్తే ఎవరి లెక్కో, ఏ కాలానిదో చెప్పు. 2011 మార్చి నుంచి 2021 మార్చి దాకా 3,06,887 మంది సాధారణ పౌరులు చనిపోయారన్నది ఐరాస మానవ హక్కుల కార్యాలయం అంచనా. సైనికులు, పోరాడినవాళ్లు అందులో లేరు.

చివరి భాగం 2025కి ఉంచు. అధికారం చర్చలు జరిపినవాళ్లకు కాక వాయవ్యాన ఉన్న ఇద్లిబ్ నుంచి సాయుధంగా వచ్చిన తిరుగుబాటు నాయకుడు అహ్మద్ అల్ షరాకు దక్కింది, ఆయనే అధ్యక్షుడయ్యాడు. మార్చి రాజ్యాంగ ప్రకటన అయిదేళ్ల పరివర్తన కాలం పెట్టింది. అక్టోబర్ 5న ప్రజాసభకు పరోక్ష ఎన్నిక జరిగింది. 210 స్థానాల్లో 70 మందిని అధ్యక్షుడే నియమిస్తాడు. దక్షిణాన డ్రూజ్ మతస్తులు ఎక్కువగా ఉండే స్వైదాలో ఆ రోజు ఎన్నిక జరగలేదు. గెలిచినవాళ్లలో మహిళలు అతి కొద్దిమంది. ఆ రాజ్యాంగ ప్రకటననూ 2016 లండన్ పత్రాన్నీ పక్కపక్కన పెట్టి పేరా పేరా పోల్చు. ఏది మిగిలింది, ఏది ఎగిరిపోయిందో నీకే కనబడుతుంది. మొదటి భాగం ఆదివారంలోగా పంపు, చూసి దిద్ది పంపిస్తాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న