హెచ్‌ఐవీ పేషెంట్‌కు ఐవీ పెట్టాలంటే చేతులు వణుకుతున్నాయి

ప్రశ్న: అనంతపురంలో ఒక ప్రైవేటు నర్సింగ్‌ హోంలో స్టాఫ్‌ నర్సుగా చేస్తున్నా. హెర్నియా ఆపరేషన్‌కు చేరిన ఒకాయనకు హెచ్‌ఐవీ ఉంది. కొన్నేళ్లుగా హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు వాడుతున్నారు. కేస్‌ షీటు మీద ఎర్ర ఇంకుతో పెద్దగా రాసి, మంచం మూలకు జరిపారు. ఆయాలు దుప్పటి కూడా ముట్టుకోవట్లేదు. ఆయనకు ఐవీ (నరంలోకి మందు ఎక్కించే సూది) పెట్టాలంటే నాకూ భయంగా ఉంది. ఇంట్లో పాలు తాగే పాప ఉంది. ఏం చేయాలి?
– ఒక సోదరి, అనంతపురం

జవాబు: ముందు పాప సంగతి చెప్తానమ్మా. పేషెంట్‌ను ముట్టుకున్నా, బీపీ చూసినా, దుప్పటి మార్చినా హెచ్‌ఐవీ రాదు. నిశ్చింతగా పాలివ్వండి.

ఇక సూది. హెచ్‌ఐవీ ఉన్నవారికి వాడిన సూది గుచ్చుకుంటే సోకే అవకాశం సుమారు 0.3 శాతం, అంటే వెయ్యికి మూడు. మందులు సరిగ్గా వాడి వైరల్‌ లోడ్‌ (రక్తంలో వైరస్‌ మోతాదు) అదుపులో పెట్టుకున్నవారి విషయంలో అది ఇంకా తక్కువ. అదే హెపటైటిస్‌ బి అయితే టీకా వేసుకోనివారికి 6 నుంచి 30 శాతం దాకా ఉంటుంది. మీకు మూడు డోసులూ పూర్తయ్యాయా? లేకుంటే ఈ వారమే మొదలుపెట్టండి.

ఆ ఎర్ర ఇంకు సంగతి చదివి నాకు చాలా బాధేసింది. పేషెంట్‌ గుట్టు వార్డంతా తెలియడం తప్ప దానివల్ల మీకు ఒరిగేదేమీ లేదు. పక్క మంచం ఆయనకు రిపోర్టు నెగెటివ్‌ వచ్చినా విండో పీరియడ్‌లో, అంటే వైరస్‌ సోకినా పరీక్షలో ఇంకా తేలని దశలో ఉండొచ్చు. ఈయనకు రెండు జతల గ్లవ్స్‌ వేసుకుని, ఆయనకు ఒట్టి చేతులతో ఐవీ పెడితే అసలు ముప్పు ఆ రెండో మంచం దగ్గరే. అందరికీ గ్లవ్స్‌ వేసుకోండి. వాడిన సూదికి మళ్లీ క్యాప్‌ పెట్టకండి, వేళ్లకు గుచ్చుకునేది అప్పుడే. మంచం పక్కనే సూదుల డబ్బా పెట్టమని అడిగి, తీసిన సూది తీసినట్టే అందులో వేయండి.

ఒకవేళ గుచ్చుకుంటే రక్తం పిండొద్దు, స్పిరిట్‌ పోయొద్దు. కుళాయి కింద సబ్బుతో కడుక్కుని, వెంటనే ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి వెళ్లండి. హెచ్‌ఐవీ సోకకుండా అడ్డుకునే పీఈపీ మందులు రెండు గంటల్లోపు మొదలుపెడితే మంచిది, 72 గంటలు దాటితే ఉపయోగం ఉండదు. 28 రోజులు వాడాలి. పాలిస్తున్నారని డాక్టరుకు చెప్పండి. అర్ధరాత్రయినా సరే, తెల్లారనిద్దాం అనుకోవద్దు, క్యాజువాలిటీకి వెళ్లండి.

2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్‌ చట్టం వైద్యంలో వివక్షను నిషేధించింది. మీకు గ్లవ్స్‌, శిక్షణ, పీఈపీ ఏర్పాటు చేయాల్సిన బాధ్యత యాజమాన్యానిదేనని చెప్పిందీ అదే చట్టం. వణుకుతూ డ్యూటీ చేసే బదులు ఇవి గట్టిగా అడగండి.

ఇంకో మాట. మందులు మానకుండా వాడుతున్న మనిషి ఆయన. ఇక్కడ ఇలా వెలివేస్తే, ఇంకోసారి ఏ ఆసుపత్రికి వెళ్లినా జబ్బు సంగతి దాస్తారు, లేదా అసలు వెళ్లడమే మానేస్తారు. ఆయాలను కూర్చోబెట్టి ఇదంతా మీరే చెప్పండి, మీ మాటైతే వింటారు. ఇంకా సందేహాలుంటే 1097కు ఫోన్‌ చేయమనండి, కాల్‌ ఉచితం.