అక్కను అడగండి: నెలసరి నొప్పికి శొంఠా, మాత్రా?

ఈసారి ఉత్తరాల కట్ట విప్పితే అన్నీ కడుపునొప్పి కథలే. నేను డాక్టరును కాను, నర్సుగా చేసి రిటైరైనదాన్ని. రాయలసీమ పల్లెల్లో ఎంతమంది ఆడపిల్లలు పళ్ళు బిగబట్టి మూడు రోజులు గడిపేస్తారో చూసినదాన్ని. అందుకే నాలుగు ఉత్తరాలు తీసుకుని కాస్త వివరంగానే రాస్తున్నా.

ప్రశ్న: అక్కా, నాకు 19 ఏళ్ళు. మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె, అనంతపురంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నా. డేట్ వచ్చిన మొదటి రోజు పొత్తికడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, నడుము, తొడలు లాగేస్తాయి, రెండు మూడుసార్లు వాంతి అవుతుంది. రెండో రోజు సాయంత్రానికి అంతా సర్దుకుంటుంది. రూమ్మేట్ మాత్ర వేసుకోమంటుంది. ఇంటికి ఫోన్ చేస్తే మా అమ్మ, మాత్రలు అలవాటైతే రేపు పిల్లలు పుట్టరు, శొంఠి కషాయం తాగి పడుకో అంటుంది. పోయిన సెమిస్టర్‌లో పరీక్ష సగం రాసి లేచి వచ్చేశా. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇద్దరి మాటా వినొచ్చు తల్లీ, ఒక్క పిల్లలు పుట్టరన్న మాట తప్ప. నెలకు ఒకటి రెండు రోజులు వేసుకునే నొప్పి మాత్రకు పిల్లలు పుట్టకపోవడం ఉండదు, అలవాటు పడటమూ ఉండదు. ఈ భయంతోనే ఎంతోమంది పరీక్షలూ పనులూ పోగొట్టుకుంటున్నారు.

ముందు ఆ నొప్పి ఎక్కడి నుంచి వస్తుందో చెప్తా, అది తెలిస్తే మిగతాదంతా సులువు. నెలసరి వచ్చినప్పుడు గర్భసంచి లోపలి పొర ఊడుతుంది కదా, అప్పుడు ఆ పొరలో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారవుతాయి. అవి గర్భసంచి కండరాన్ని గుడ్డ పిండినట్టు పిండుతాయి, పిండినప్పుడు ఆ కండరానికి రక్తం సరిగా అందదు, అదే నీకు తెలిసే మెలి. అవి రక్తంలో కలిసి మిగతా ఒంట్లోకి కూడా పోతాయి, అందుకే వాంతులు, విరేచనాలు, తలనొప్పి. నువ్వు తిన్నదేదో పడక కాదు.

ఐబుప్రొఫెన్, మెఫెనమిక్ యాసిడ్ లాంటి మాత్రలు చేసే పని ఈ రసాయనాన్ని తయారు కానివ్వకపోవడం. అప్పటికే తయారైపోయినదాన్ని అవి వెనక్కి తీసుకోలేవు. కాబట్టి "ఇంకాస్త ఓర్చుకుందాం, మరీ తట్టుకోలేకపోతే వేసుకుందాం" అని మధ్యాహ్నం దాకా ఆగి వేసుకుంటే, అప్పటికి జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది, పైగా వాంతిలో ఆ మాత్ర కూడా బయటికి వచ్చేస్తుంది. అప్పుడేమో మాత్ర పని చెయ్యలేదంటారు. మరక కనిపించగానే, లేదా మొదటి మెలి తెలియగానే, ఏదైనా తిని వేసుకోవాలి. డేట్ లెక్క తప్పకుండా వచ్చేవాళ్ళు ముందురోజు రాత్రే మొదలుపెట్టినా మంచిదే. పెద్దవాళ్ళకు మామూలుగా ఐబుప్రొఫెన్ 400 మిల్లీగ్రాములు, ఆరు నుంచి ఎనిమిది గంటలకు ఒకటి, రోజుకు మూడు మించకుండా, రెండు రోజులు, మహా అయితే మూడు. పరగడుపున మాత్రం వద్దు, ఇడ్లీయో, రెండు అరటిపళ్ళో, ఏదో ఒకటి కడుపులో పడాలి.

ఇవి అందరికీ పడవు. కడుపులో పుండు, ఆస్తమా, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు, ఇంతకుముందు నొప్పి మాత్రకు దద్దుర్లు వచ్చినవాళ్ళు డాక్టర్ని అడగకుండా వేసుకోకూడదు. డెంగ్యూ అనుమానం ఉన్న జ్వరంలో అసలే వద్దు. మన ఎండల సంగతి తెలుసు కదా, ఏప్రిల్, మే నెలల్లో వాంతులై, చెమట పట్టి, ఒంట్లో నీళ్ళు లేనప్పుడు ఈ మాత్రలు కిడ్నీల మీద భారం వేస్తాయి. అందుకే పక్కన మజ్జిగో, ఓఆర్ఎస్ నీళ్ళో పెట్టుకో. ఇంకొకటి, మెఫ్తాల్ అని మనం షాపులో అడిగి తెచ్చుకునే దాంట్లో ఉండేది మెఫెనమిక్ యాసిడ్. దాని గురించి ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ 2023 నవంబర్‌లో ఒక హెచ్చరిక ఇచ్చింది. అరుదుగా కొందరికి అది వాడిన కొన్ని వారాలకు జ్వరం, ఒళ్ళంతా దద్దుర్లు, లింఫ్ గ్రంథులు వాయడం (బిళ్ళలు కట్టడం) రావచ్చని. అలా కనిపిస్తే మాత్ర ఆపేసి వెంటనే ఆసుపత్రికి పోవాలి. అంతేగానీ ఆ మందు నిషేధించలేదు, భయపడి పారెయ్యాల్సిన పని లేదు.

ఇక అమ్మ చెప్పిన శొంఠి. నవ్వి పక్కన పెట్టే మాట కాదది. అల్లం పొడిని మొదటి మూడు రోజులు ఇచ్చి పరీక్షించినవాళ్ళు చాలామందికి నొప్పి కొంత తగ్గినట్టు చూశారు. పావు చెంచా శొంఠి పొడి గ్లాసు నీళ్ళలో మరిగించి, బెల్లం ముక్క వేసుకుని, రోజుకు మూడుసార్లు తాగు. అసిడిటీ ఉంటే తగ్గించుకో, మండుతుంది. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు తాగొద్దు. వాము నీళ్ళు, సోంపు కషాయం కూడా కొందరికి హాయినిస్తాయి, గ్యాస్ పోతుంది కాబట్టి పొట్ట తేలికపడుతుంది. మెంతులు నానబెట్టి మింగమని చాలామంది చెప్తారు గానీ, ఇప్పటికే విరేచనాలు అవుతున్న పిల్లకు మెంతులెందుకో నాకర్థం కాదు.

వీటన్నింటికంటే నాకు నమ్మకమైంది కాపడం. సుమారు 40 డిగ్రీల వేడిని పొత్తికడుపు మీద గంటలతరబడి ఉంచితే ఐబుప్రొఫెన్‌కు దాదాపు సమానంగా పని చేసిందని పరీక్షించి మరీ తేల్చారు. మన ఇళ్ళలో రాళ్ళ ఉప్పు పెనం మీద వేయించి గుడ్డలో మూటకట్టి పెడతారు కదా, అదే. హాస్టల్లో పొయ్యి ఉండదు కాబట్టి, రబ్బరు వేడినీళ్ళ సంచీ ఒకటి కొనుక్కో, లేకపోతే స్టీల్ బాటిల్లో వేడి నీళ్ళు పోసి టవల్ చుట్టి పెట్టుకో. టవల్ మర్చిపోవద్దు. ట్రైనింగ్ రోజుల్లో నేను కర్నూలు హాస్టల్లో అట్లే ఉత్త బాటిల్ పెట్టుకుని నిద్రపోయి, పొద్దున లేచేసరికి అరచేతి వెడల్పు బొబ్బ. నర్సు చదువు చదివే పిల్ల నీకిదేం తెలివే అని మా వార్డెనమ్మ వారం రోజులు నవ్వింది.

పరీక్ష రోజున నీ వరస ఇట్లా పెట్టుకో: మరక కనిపించగానే టిఫిన్, మాత్ర, అరగంట కాపడం, ఆ తర్వాత హాలుకు పో. శొంఠి కషాయం సాయంత్రం తాగి అమ్మకు ఫోన్ చేసి చెప్పు, ఆమెకూ తృప్తి. ఇలా మూడు నెలలు చేసినా తగ్గకపోతే లేడీ డాక్టరుకు చూపించు.

ప్రశ్న: మేడం, మాది ప్రొద్దుటూరు. మా పాపకు 14 ఏళ్ళు, పెద్దమనిషై రెండేళ్ళవుతుంది. మొదటి సంవత్సరం ఏ నొప్పీ లేదు, ఇప్పుడు ప్రతి నెలా బడి మానేస్తుంది. మా జేజి ఆ మూడు రోజులు తలస్నానం వద్దు, పెరుగు వద్దు, నువ్వులు వద్దు అంటుంది. ఆముదం ఆకు వేడి చేసి పొట్ట మీద వేస్తుంది. పెళ్ళయితే అదే పోతుందంటుంది. ఇదంతా సరైనదేనా?

జవాబు: అమ్మా, మొదట్లో లేని నొప్పి ఏడాది తర్వాత మొదలైందంటే కంగారు పడొద్దు. మొదటి ఏడాది చాలామందికి అండం సరిగా విడుదల కాదు, ఆ నెలల్లో నొప్పి అంతగా ఉండదు. అది క్రమంలో పడ్డాకే ఈ నొప్పి మొదలవుతుంది. మొట్టమొదటి నెల నుంచే తీవ్రంగా నొస్తేనే డాక్టరు దగ్గరికి త్వరగా పోవాలి, పుట్టుకతోనే గర్భసంచి దారిలో ఏదైనా అడ్డం ఉందేమో చూస్తారు.

జేజి ఆముదం ఆకు మానిపించొద్దు. పని చేసేది ఆకా, ఆకులోని వేడా అంటే నేను వేడే అంటాను, అయినా జేజి చెయ్యి పొట్ట మీద ఉంటే పిల్లకు ఎంత ధైర్యం! కానీ స్నానం వద్దనే మాట మటుకు వదిలెయ్యండి. గోరువెచ్చని నీళ్ళు నడుము మీద పోసుకోవడమంటే ఒళ్ళంతటికీ కాపడమే. పెరుగు తినొచ్చు. నువ్వులు వేడి చేస్తాయని వద్దంటారు గానీ నువ్వులుండలో సున్నం, ఇనుము రెండూ ఉంటాయి, రక్తం పోయే పిల్లకు అవి కావాలి. రాగి సంగటి, ఆకుకూర పప్పు పెట్టండి, అన్నం తినగానే టీ మాత్రం ఇవ్వొద్దు, ఆహారంలోని ఇనుము ఒంటికి పట్టదు. బళ్ళో వారానికొకటి ఇచ్చే నీలిరంగు ఐరన్ మాత్ర ఈ పిల్లల కోసమే, వాంతి వచ్చినట్టుంటుందని పారేస్తుంటారు, రాత్రి భోంచేశాక వేసుకుంటే సరిపోతుంది. నొప్పి మాత్ర ఈ వయసు పిల్లలకు కూడా ఇస్తారు, అయితే మోతాదు బరువును బట్టి ఉంటుంది కాబట్టి ఒకసారి పీహెచ్‌సీలో అడిగి ఇవ్వండి.

పెళ్ళితో పోతుందన్న మాటకు నా దగ్గర మర్యాదైన జవాబు లేదు. కాన్పు తర్వాత కొందరికి తగ్గే మాట నిజం. పద్నాలుగేళ్ళ పిల్లకు అది వైద్యం కాదు కదా.

బడికి పంపండి, ఆటలు కూడా మాన్పించొద్దు. నెల పొడుగునా వారానికి మూడు రోజులు, ముప్పావు గంట చొప్పున ఒళ్ళు కదిలేలా నడిచినా, ఆడినా నొప్పి తగ్గుతుంది. ఆ మూడు రోజులు మాత్రం పిల్ల ఇష్టం.

ప్రశ్న: అక్కా, నాకు 36 ఏళ్ళు, ఆదోనిలో కుట్టు పని చేస్తా. ఇద్దరు పిల్లలు, ఆపరేషన్ అయింది. చిన్నప్పుడు ఎప్పుడూ లేని నొప్పి రెండేళ్ళుగా వస్తోంది, డేట్‌కు నాలుగు రోజుల ముందే మొదలవుతుంది. గడ్డలు గడ్డలుగా పోతుంది, మిషన్ మీద గంటన్నర కూర్చోలేను, ప్యాడ్ మార్చుకోవాలి. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్కాన్ చేసి గర్భసంచి తీసేద్దాం, పిల్లలు పుట్టేశారు కదా ఇంకెందుకు అన్నారు. వీధిలో నలుగురైదుగురు తీయించుకున్నారు కూడా. ఏం చెయ్యమంటావు?

జవాబు: నీకు శొంఠి నీళ్ళ జవాబు ఇవ్వను చెల్లీ. ముప్ఫై దాటాక కొత్తగా మొదలైన నొప్పి, డేట్‌కు ముందే వచ్చే నొప్పి, గడ్డలతో ఎక్కువ రక్తం, ఇవి పై ఇద్దరు పిల్లల నొప్పి లాంటివి కావు. గర్భసంచిలో ఫైబ్రాయిడ్ గడ్డలు ఉండొచ్చు, సంచి గోడలోకే లోపలి పొర చొరబడే అడినోమయోసిస్ ఉండొచ్చు, ఆ పొర బయట ఎక్కడో పెరిగే ఎండోమెట్రియోసిస్ ఉండొచ్చు. ఈ చివరిది పిల్లలు పుట్టే వయసులో ఉన్న ఆడవాళ్ళలో దాదాపు పదిమందిలో ఒకరికి ఉంటుంది, మామూలు స్కాన్‌లో చాలాసార్లు కనిపించదు. దొడ్డికి వెళ్ళినప్పుడు, భర్తతో కలిసినప్పుడు కూడా నొప్పి ఉంటే ఆ మాట సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పు, ఆ ఒక్క మాటతో వాళ్ళకు దారి దొరుకుతుంది.

గర్భసంచి తీయించే విషయంలో మాత్రం తొందరపడొద్దు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో దేశం మొత్తం మీద వందకు మూడు మందికి పైగా గర్భసంచి తీయించుకుంటే మన ఆంధ్రలో అది వందకు దాదాపు తొమ్మిది. మన ఆడవాళ్ళకే అన్ని జబ్బులు వచ్చాయా? "పిల్లలు పుట్టేశారు కదా" అన్నది ఆపరేషన్‌కు కారణం కాదు. అండాశయాలు కూడా తీసేస్తే ఈ వయసులోనే ముట్లు ఆగిన మనిషివైపోతావు, ఎముకలు గుల్లబారతాయి, గుండె జబ్బు ముప్పు పెరుగుతుంది. కొందరికి ఆపరేషన్ తప్పదు, అది నిజమే, కానీ అది చివరి మెట్టు.

దానికంటే ముందు చేయాల్సినవి ఉన్నాయి. హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూపించుకో. రక్తం తగ్గడానికి ఆ మూడు నాలుగు రోజులు వాడే ట్రానెక్సామిక్ యాసిడ్ ఉంది, హార్మోన్ మాత్రలు ఉన్నాయి, గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్ ఉంది, అది ఐదేళ్ళకు పైగా పని చేస్తుంది, రక్తమూ నొప్పీ రెండూ తగ్గిస్తుంది. ఏది నీకు పనికొస్తుందో డాక్టరు చెప్పాలి. స్కాన్ కాగితాలు పట్టుకుని కర్నూలు పెద్దాసుపత్రి గైనిక్ ఓపీకి ఒకసారి పోయి రా, పొద్దున్నే పో, చీటీ దగ్గరే సగం రోజు పోతుంది. "తీయకుండా వేరే దారి లేదా? ఉంటే అది ముందు ఎందుకు చూడకూడదు?" అని అడుగు. అడిగితే ఏమనుకుంటారో అని ఊరికే రావద్దు.

గంటకొక ప్యాడ్ చొప్పున రెండు గంటలు తడిస్తే, కళ్ళు తిరిగి పడిపోతే, జ్వరంతో పాటు చెడు వాసన వస్తే ఓపీ కోసం ఆగొద్దు, అదే రోజు పో. నీలా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయినవాళ్ళకు కూడా ఒక మాట: డేట్ తప్పి, ఉన్నట్టుండి ఒకపక్కే కోసినట్టు నొప్పి వస్తే ట్యూబులో గర్భం కావచ్చు. అరుదే గానీ ప్రాణం మీదికి వస్తుంది.

ప్రశ్న: అక్కా, మాది కడప. ఇంటర్ చదివే చెల్లెలు నెలకోసారి మంచం దిగదు. అమ్మా నాన్నా తోటకు పోతే ఇంట్లో నేనే ఉంటా. అబ్బాయిని, ఏం అడగాలన్నా ఇబ్బంది. నేనేం చెయ్యగలను?

జవాబు: నాయనా, అడగాల్సిందేమీ లేదు. రాళ్ళ ఉప్పు రెండు గుప్పెళ్ళు పెనం మీద వేయించి, పాత గుడ్డలో మూటకట్టి, నీ చేతికి ఆనించుకుని చూసి ఇవ్వు. చల్లారితే మళ్ళీ వేడి చెయ్యి. ఆ పూట వంటా, గిన్నెలూ నువ్వు చూసుకో. ప్యాడ్లు తెమ్మంటే పోయి తీసుకురా, షాపతను నల్ల కవర్లో వేసి పేపర్ చుట్టబోతే అక్కర్లేదని చెప్పు.